శాస్త్ర పత్రికల సంపాదకులకు బహిరంగ లేఖ: కామాల సంగతి తర్వాత, ముందు రిఫరెన్సు నిజమో కాదో చూడండి

దేశంలోని శాస్త్ర పరిశోధన పత్రికల సంపాదకులకు, వాటిని నడిపే సంఘాలకు, ప్రచురణ సంస్థలకు,

నమస్కారం. నేను రాయలసీమలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ల గురించి పాఠాలు చెప్తాను, పీహెచ్‌డీ విద్యార్థులకు గైడ్‌గా ఉంటాను. పైసా తీసుకోకుండా సాయంత్రాలు, ఆదివారాలు పత్రిక పనికే వెచ్చించే సంపాదకులు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఆ గౌరవం మనసులో ఉంచుకునే రాస్తున్నాను. విడిగా పంపిన మెయిళ్లకు "మీ సందేశం అందింది" అనే ఆటోమేటిక్ జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

విషయం బయటివాళ్లకు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. మాన్యుస్క్రిప్ట్ చివర ఉండే రిఫరెన్సుల (ఆధారంగా చూపిన పాత రచనల) జాబితాను పత్రిక కోరిన పద్ధతిలో పేర్చడం, అంతే. ఆ "అంతే" వెనక ఏం జరుగుతోందో చెప్తాను.

మా విద్యార్థిని ఒకరు వేరుశనగలో వచ్చే వైరస్ తెగులు మీద పేపర్ రాసి ఒక పత్రికకు పంపింది. అది సంపాదకుడి దాకా పోలేదు. ఆఫీసులో చేసే టెక్నికల్ చెక్‌లోనే వెనక్కి వచ్చింది. రిఫరెన్సుల్లో పత్రికల పేర్లను కుదించి రాయలేదట. కుదించి పంపితే, కుదించిన పేర్ల పక్కన చుక్కలు ఉండకూడదని మళ్లీ వెనక్కి. చుక్కలు తీసేస్తే, పేజీ నంబర్ల మధ్య గీత పొట్టిగా ఉంది, పొడుగు గీత పెట్టమని ఇంకోసారి. అన్ని లోపాలూ ఒకేసారి ఎప్పుడూ చెప్పలేదు. రచయితలకు ఇచ్చిన సూచనల పేజీలో ఒక పద్ధతి ఉంది, అదే పత్రిక తాజా సంచికలో అచ్చయిన పేపర్లలో ఇంకో పద్ధతి ఉంది. రెండింటిలో దేన్ని పాటించాలని అడిగితే జవాబు లేదు. చివరికి పేపర్ సంపాదకుడి ముందుకు వెళ్లింది. ఇది మా పత్రిక పరిధిలోకి రాదు అని ఆయన తిప్పి పంపారు. ఆ మాట చెప్పడానికి అబ్‌స్ట్రాక్ట్ చదివితే సరిపోతుంది, మొదటి రోజే చెప్పొచ్చు. ఈలోపు ఆమె ఫెలోషిప్ గడువు అయిపోయింది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. పేపర్ తీసుకుంటారో లేదో తేలకముందే దానికి మీ పత్రిక ముస్తాబంతా చేయించడం అచ్చం అలాగే ఉంది.

మరి ఈ పద్ధతులు ఎన్ని ఉన్నాయి? రిఫరెన్సు సాఫ్ట్‌వేర్లు వాడుకునే సీఎస్ఎల్ అనే బహిరంగ భాండాగారంలో 10,000కు పైగా పత్రికల శైలి ఫైళ్లు ఉన్నాయి. అన్నీ వేర్వేరు కాకపోవచ్చు, చాలావరకు ఒకదానికొకటి నకళ్లే. అయినా రచయితకు ఎదురయ్యే తేడాలు తక్కువేం కాదు. ఒక పేపర్‌కు ఎనిమిది మంది రచయితలు ఉన్నారనుకుందాం. వైద్య పత్రికలు వాడే వాంకూవర్ శైలిలో మొదటి ఆరుగురి పేర్లు రాసి "తదితరులు" అనాలి. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం వాళ్ల ఏపీఏ శైలి ఏడో ఎడిషన్ ప్రకారం ఇరవై మంది దాకా అందరి పేర్లూ రాయాలి. నేచర్ పత్రికకైతే ఐదుగురు దాటితే మొదటి పేరు ఒక్కటే. సంవత్సరం ఒకచోట పేరు పక్కన బ్రాకెట్లో, ఇంకోచోట పత్రిక పేరు తర్వాత, మరోచోట అట్టడుగున. ఒక పత్రిక తిరస్కరించిన పేపర్ ఇంకో పత్రికకు పోవడం రోజూ జరిగేదే. పోయిన ప్రతిసారీ జాబితా మొత్తం తిరగరాయాలి.

ఇందులో నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. 1978లో కొందరు వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చున్నది ఈ బెడద తగ్గించడానికే. పత్రికకో తీరు వద్దు, మనందరం ఒకే తీరులో ఉన్న మాన్యుస్క్రిప్టులు తీసుకుందాం అని వాళ్లు అనుకున్నారు. ఆ తర్వాత అచ్చులో ఎవరి ముస్తాబు వాళ్లు చేసుకోవచ్చు. అది రచయిత నెత్తిన పడకూడదన్నది అప్పటి ఆలోచన. ఈరోజు ఆ వాంకూవర్ పేరుతోనే, "మా వాంకూవర్ కొంచెం వేరు" అంటూ పేపర్లు వెనక్కి పంపుతున్నారు.

ఇక దీని భారం ఎవరి మీద పడుతోందో వరసగా రాస్తాను.

1. పరిశోధక విద్యార్థుల కాలం, డబ్బు. 2019లో ప్లాస్ వన్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. 41 దేశాల నుంచి 372 మంది జవాబులిచ్చారు. ఒక్కో మాన్యుస్క్రిప్ట్ ఫార్మాటింగ్‌కు మధ్యస్థంగా 14 గంటలు, ఒక్కో మనిషికి ఏడాదికి 52 గంటలు పోతున్నాయని తేలింది. ఇందులో బొమ్మలు, పట్టికల పని కూడా కలిసి ఉంది, అన్నీ రిఫరెన్సులకే అని నేను అనను. కానీ మన దగ్గర ఇది ఇంకా బరువు. జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వచ్చినవాళ్లకు మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, మొత్తం ఐదేళ్లు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఆ అదృష్టం లేనివాళ్లు ఎక్కువ. పగలు కాలేజీలో గెస్ట్ క్లాసులు చెప్పి రాత్రి పేపర్ రాసుకునే వాళ్లు వీళ్లు. 2022 యూజీసీ నిబంధనలు థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ అచ్చు కావాలన్న షరతు తీసేశాయి. అయినా ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "పేపర్లు ఎన్ని?" అనే. టెక్నికల్ చెక్‌లో ఇరుక్కున్న పేపర్ అక్కడ లెక్కలోకి రాదు.

2. రైతులు. ఇది అతిశయోక్తి అనిపించొచ్చు, కొంచెం ఓపిక పట్టండి. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగకు ఒక కొత్త తెగులు వచ్చింది. లేత కొమ్మలు, మొవ్వలు మాడిపోయి, మొక్కకు మొక్క చచ్చిపోయింది. దాదాపు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ మొక్కలో ఈ వైరస్ పైకి కనిపించకుండా ఉంటుంది, దాని పుప్పొడి తామర పురుగుల వంటిని అంటుకుని వేరుశనగ చేలోకి వస్తుంది. ఇది తెలిశాకే, గట్ల మీద వయ్యారిభామ పీకేయండి, చేను చుట్టూ జొన్నో సజ్జో వేయండి అని రైతుకు చెప్పగలిగాం. పేపర్ అచ్చయితేనే కబురు రైతుకు చేరుతుందని నేను అనను. కానీ ఒక పరిశీలనను ఇంకో కేంద్రం వాళ్లు పరీక్షించి సిఫారసుగా మార్చాలంటే అది అచ్చులో ఉండాలి. మా పంటకు ఖరీఫ్ ఏడాదికి ఒక్కసారే వస్తుంది. గీత పొడుగు మీద తర్జనభర్జన జరిగే లోపు జూన్ దాటిపోతే, పరీక్ష మళ్లీ వచ్చే ఏడాదే.

3. పేర్లు. తెలుగువాళ్లకు ఇది పాత గాయం. మన ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. మీ సబ్మిషన్ ఫారాలు "చివరి పేరు" తప్పనిసరి అంటాయి. 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి మీద ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే కలిసి రాసిన పేపర్ జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటిలో, 375వ పేజీ నుంచి ఉంది. ఆ పద్ధతి ఇప్పటికీ మా ల్యాబుల్లో విద్యార్థులు చేస్తారు. ప్రపంచంలో ఏ రిఫరెన్సుల జాబితాలో చూసినా ఆయన "సుబ్బారో వై". ఇంటిపేరు కుంచించుకుపోయి ఒక్క అక్షరం మిగిలింది. గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు "రావు సీఆర్" అయ్యారు. ఆయన 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో రాసిన పేపర్ ఎవరిదో ప్రపంచానికి తెలుసు కాబట్టి నష్టం లేదు. మా విద్యార్థికి ఆ సౌకర్యం లేదు. ఒకే మనిషి పేరు ఒక పత్రికలో ఇంటిపేరు కింద, ఇంకోదానిలో సొంత పేరు కింద, మూడోదానిలో రెండు ముక్కలైన సొంత పేరులో రెండో ముక్క కింద వస్తుంది. డేటాబేస్‌లో ముగ్గురు మనుషులు తయారవుతారు. ప్రమోషన్ ఫైల్ పెట్టేటప్పుడు ఈ ముగ్గురూ నేనేనని అఫిడవిట్ ఇవ్వాల్సి వస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిల సంగతి ఇక చెప్పక్కర్లేదు. కాపీ ఎడిటర్ ఒకరు మా ప్రూఫులో పేర్లన్నీ "సరిచేసి" తిప్పేశారు. ప్రూఫు సవరణలకు ఇచ్చిన గడువు రెండు రోజులు.

4. లేని రిఫరెన్సులు. ఇక్కడ ఒక నిజమైన కథ చెప్పాలి. ఎల్సెవియర్ తన రచయితల సూచనల్లో రిఫరెన్సు ఎలా రాయాలో చూపడానికి ఒక నమూనా ఇచ్చింది. వాన్ డెర్ గీర్, మరో ఇద్దరు కలిసి 2000లో రాసిన "శాస్త్ర వ్యాసం రాసే కళ" అన్న పేపర్ అది. అలాంటి పేపర్ లేదు, ఆ పత్రికే లేదు. కానీ దాన్ని దాదాపు 400 పేపర్లు నిజమైన ఆధారంగా ఉదహరించాయి. లైడెన్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ పీటర్ క్రోనెన్‌బర్గ్ దీన్ని పట్టుకున్నారు. 2017లో ఇది అందరికీ తెలిసింది. ఎక్కువ భాగం సదస్సుల ప్రొసీడింగ్స్‌లో వచ్చినవే. బహుశా టెంప్లేట్‌లో ఉన్న నమూనాను తీసేయడం మరిచిపోయి ఉంటారు. ఆ 400 చోట్లా ఫార్మాట్ మాత్రం అచ్చుగుద్దినట్టు సరిగ్గా ఉండి ఉంటుంది, నమూనాయే కదా! కామాలు చూసే చెక్ ఏం చూస్తోందో, ఏం చూడడం లేదో ఇంతకన్నా చెప్పేదేముంది?

ఇప్పుడు పరిస్థితి ఇంకా ప్రమాదంగా ఉంది. క్యాంపస్ గేటు ఎదుట జిరాక్స్, డీటీపీ సెంటర్లలో "రిఫరెన్సులు సెట్ చేసి ఇవ్వబడును" అని పని తీసుకుంటారు. వాళ్లను నేను తప్పుపట్టను, అది వాళ్ల బతుకుతెరువు. కానీ వైరస్ పేరు, పత్రిక పేరు తెలియని చేతుల్లో జాబితా పడుతోంది. అక్కడికి పోనివాళ్లు చాట్‌బాట్‌కు జాబితా ఇచ్చి "ఫలానా శైలిలోకి మార్చు" అంటున్నారు. అది శైలి చక్కగా మారుస్తుంది, మధ్యలో సంపుటి నంబరో, రచయిత పేరో, ఒక్కోసారి పేపర్ మొత్తమో సొంతంగా అల్లేస్తుంది. ఫార్మాట్ టెన్షన్ ఎంత పెంచితే ఈ దారులు అంత తెరుచుకుంటాయి.

5. రోగులు. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఐదు వాక్యాల చిన్న లేఖ ఒకటి అచ్చయింది. ఆస్పత్రిలో చేరి మత్తు నొప్పిమందులు తీసుకున్న 11,882 మందిలో వ్యసనం బాగా నమోదైన కేసులు నాలుగే అని దాని సారాంశం. 2017లో అదే పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం ఆ లేఖను 608 సార్లు ఉదహరించారు. అది ఆస్పత్రిలో ఉన్న రోగుల గురించి మాత్రమే అన్న సంగతిని నూటికి ఎనభై మందికి పైగా ప్రస్తావించనే లేదు. నొప్పిమందులు అలవాటు కావు అన్న భరోసాకు ఆ రిఫరెన్సు ఆధారమైంది. అమెరికాలో ఆ మందుల వ్యసనం ఎంతమందిని బలి తీసుకుందో అందరికీ తెలిసిందే. దానికి ఒక్క లేఖే కారణమని కాదు. కానీ అన్నేళ్లలో, ఆ రిఫరెన్సు చెప్పిన మాట నిజంగా అందులో ఉందా అని చూసినవాళ్లు చాలా తక్కువ. సంపుటి 302, పేజీ 123 అన్నది మాత్రం పొల్లుపోకుండా చూసి ఉంటారు.

శైలి ఒకేలా ఉంటే చదివేవాళ్లకు సుఖం, ఇండెక్సింగ్‌కు, అంటే పేపర్లను డేటాబేసుల్లో చేర్చడానికి, సులువు అని మీరు అనొచ్చు. మొదటిది నిజమే. అయితే చదివేవాళ్లు చూసేది అచ్చయిన పేపర్‌ను, మేం పంపిన వర్డ్ ఫైల్‌ను కాదు. రెండోదానికి అసలు ఆధారం డీఓఐ, అంటే ఒక్కో పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు. పెద్ద ప్రచురణ సంస్థల పేపర్లు అంగీకారం తర్వాత టైప్‌సెట్టింగ్ కంపెనీలకు పోతాయి. ఆ పనిలో చాలా భాగం మన చెన్నైలో, పుదుచ్చేరిలో, బెంగళూరులో జరుగుతుంది. అక్కడ సాఫ్ట్‌వేర్ మా జాబితాను ముక్కలుగా విడదీసి, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ వివరాలతో సరిచూసి, పత్రిక శైలిలో మళ్లీ కూర్చుతుంది. అంటే మా విద్యార్థి రాత్రంతా కూర్చుని పెట్టిన కామాలు అక్కడ చెరిగిపోతాయి. ఈ సంగతి ఆ సంస్థలకు తెలుసు. కాబట్టే ఎల్సెవియర్ తన పత్రికలు చాలావాటిలో మొదటి సబ్మిషన్‌కు ఏ శైలి అయినా సరే అంటోంది. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు కుదరదు?

మరొకటి. 2024 నవంబరులో కేంద్రం విద్యాసంస్థలన్నిటికీ కలిపి పత్రికల చందా కట్టే "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు అందులో ఉన్నాయి. అది జనం డబ్బు. రాసేది మేమే, ఉచితంగా రివ్యూ చేసేది మేమే, చదవడానికి డబ్బు కట్టేది మా ప్రభుత్వమే. గుమస్తా పని కూడా మేమే చేయాలా?

సొంత నిధులు లేక, ఒకరిద్దరు ప్రొఫెసర్ల మీద నడిచే చిన్న సంఘాల పత్రికలను ఈ గాటన కట్టడం లేదు. టైప్‌సెట్టర్‌కు ఇవ్వడానికి డబ్బుల్లేని చోట శైలి అడగడం అర్థం చేసుకోగలను. వాళ్లను అడిగేది ఒక్కటే, కింద మూడో అంశం.

మేము కోరుతున్నవి ఇవి:

1. మొదటి సబ్మిషన్ నుంచి రివ్యూ పూర్తయ్యేదాకా రిఫరెన్సులు ఏ శైలిలో ఉన్నా తీసుకోండి. జాబితా అంతా ఒకే తీరులో ఉండాలి; రచయితలు, సంవత్సరం, శీర్షిక, పత్రిక, సంపుటి, పేజీలు, ఉన్నచోట డీఓఐ ఉండాలి. ఇంతకు మించి అడగొద్దు.

2. అంగీకరించిన పేపర్‌ను మీ శైలిలోకి మార్చే పని ప్రచురణ సంస్థే చేయాలి. ప్రచురణ రుసుమో, చందానో వసూలు చేస్తున్న ఏ సంస్థకూ దీనికి మినహాయింపు ఉండకూడదు.

3. మీకంటూ ఒక శైలి తప్పదనుకుంటే దాని సీఎస్ఎల్ ఫైల్ తయారుచేయించి సూచనల పేజీలో పెట్టండి. రిఫరెన్సులు కూర్చే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితం, మా విద్యార్థులు అందులోకి ఆ ఫైల్ ఎక్కించుకుంటే పని నిమిషాల్లో అయిపోతుంది. సూచనలు, తాజా సంచిక ఒకదానితో ఒకటి కలవాలి. పుస్తకంలో అధ్యాయం, శోధ్‌గంగలోని (దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) థీసిస్, ప్రభుత్వ నివేదిక, డేటాసెట్, తెలుగు పుస్తకం వీటన్నిటికీ ఒక్కో నమూనా ఇవ్వండి. నమూనాల్లో నిజంగా ఉన్న రచనలనే వాడండి.

4. పేపర్ పరిధిలోకి వస్తుందా రాదా అన్నది ముందు చూడండి. ఆ తర్వాతే టెక్నికల్ చెక్. అందులో కనిపించిన లోపాలన్నీ ఒకే జాబితాగా ఒకేసారి చెప్పండి.

5. రచయిత తన పేరును రిఫరెన్సులో ఎలా చూపాలో సబ్మిషన్ అప్పుడే అడగండి, అలాగే వేయండి. పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ గుర్తింపు నంబరుతో జతచేయండి. ప్రూఫులో అడగకుండా పేర్లు తిప్పొద్దు.

6. మిగిలిన సమయాన్ని రిఫరెన్సు నిజానిజాలకు పెట్టండి. డీఓఐ తెరుచుకుంటోందా, ఆ పేపర్ ఉపసంహరించబడిందా అన్నది యంత్రంతోనే చూడొచ్చు. ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ 2023 నుంచి క్రాస్‌రెఫ్ చేతిలో అందరికీ తెరిచి ఉంది. పేపర్ ఏ రెండు మూడు రిఫరెన్సుల మీద నిలబడిందో, వాటిని మాత్రం తెరిచి చూడమని రివ్యూయర్లను అడగండి.

7. "మా పత్రికలో వచ్చిన పేపర్లు ఇంకొన్ని ఉదహరించండి" అని సలహాగా కూడా రాయొద్దు. దాన్ని సలహాగా తీసుకునే ధైర్యం ఏ విద్యార్థికీ ఉండదు.

విశ్వవిద్యాలయాల పరిశోధన విభాగాలకూ ఒక మాట. పీహెచ్‌డీ కోర్సువర్క్‌లో పరిశోధన, ప్రచురణ నైతికత మీద రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరిగా ఉంది. ఆ 30 గంటల్లో కొన్ని గంటలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి జొటేరో నేర్పించండి. డౌన్‌లోడ్ చేసిన వివరాల్లో శీర్షిక మొత్తం పెద్ద అక్షరాల్లో రావడం, శాస్త్రీయ నామాల ఇటాలిక్స్ ఎగిరిపోవడం, మన పేర్లు విరిగిపోవడం, వీటిని ఎలా సరిచేసుకోవాలో అక్కడే చూపించండి. థీసిస్ శైలి ఒక్కో విభాగానికి ఒక్కోలా, గైడ్ మారితే ఇంకోలా ఉండడం మన ఇంటి సమస్య. దాన్ని తీర్చకుండా పత్రికలను మాత్రమే అడగడం న్యాయం కాదు.

వచ్చే జనవరి సంచికకల్లా మీ సూచనల పేజీలో ఒకటి, నాలుగు, ఐదు అంశాలు చేర్చాలని కోరుతున్నాం. వాటికి పైసా ఖర్చు లేదు. చేర్చిన పత్రికల జాబితాను మా విద్యార్థులకు ఇస్తాం, ముందు అక్కడికే పంపమని చెప్తాం. చేర్చలేమంటే కారణం రాయండి. రివ్యూ చేయమని మీ దగ్గర నుంచి వచ్చే తదుపరి పేపర్‌కు ఒప్పుకునే ముందు మేమూ ఆ కారణం చదువుకుంటాం.

ఇట్లు,
మొక్కల తెగుళ్ల విభాగం పరిశోధన గైడ్,
ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం, రాయలసీమ